కొండ ఎక్కింది ఎవరని అడిగారు

మణీ,

బాగున్నావా? పోయినవాణ్ణి పట్టుకొని బాగున్నావా అని అడిగేదేందక్కా అని నవ్వుతావేమో... ఏం చేయను, ఉత్తరం మొదలుపెడితే చెయ్యి దానంతట అదే ఆ మాట రాస్తుంది. పద్నాలుగేళ్లు నువ్వు ఆ దేశంలో ఉన్నప్పుడు రాసిన అలవాటు.

నువ్వు వెళ్లిపోయి పదకొండు నెలలైంది. వచ్చే నెల నీ సంవత్సరీకం. అయ్యవారితో మాట్లాడాను. వస్తానన్నాడు.

నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మనం వేసిన అప్పీలుకు తీర్పు వచ్చింది. ఏమని వచ్చిందో చివర్లో చెబుతాను. నువ్వు ఎప్పుడూ నా ఉత్తరాలు అడుగు నుంచి పైకి చదివేవాడివి, ముందు మంచో చెడో తెలిసిపోవాలని. ఈ ఒక్కసారికి పై నుంచి చదువు నాయనా. అక్క మాట విను.

ఇల్లు అలాగే ఉంది. నీ మంచం కిటికీ కిందే ఉంది. నువ్వు లేచి కూర్చోవడానికి దూలానికి వేలాడదీసిన తాడు కూడా తీయలేదు. ఎందుకు తీయలేదని ఎదురింటి వాళ్లు అడుగుతారు. నీ గుర్తుగా ఉంచుకున్నానని అనుకుంటారు... అది కాదు. ఇప్పుడు దాన్ని నేను పట్టుకొని లేస్తున్నాను. నా మోకాళ్లు పోయాయి. కార్వేటినగరం బడిలో ఇన్నేళ్లు నిలబడి పాఠాలు చెప్పినందుకు అని డాక్టరు అన్నాడు. అవునో కాదో, నాకు మాత్రం వేరే కారణం తెలుసు. నీకూ తెలుసు.

నువ్వు ఓడల రేవులో పరంజా మీద నుంచి పడ్డావని ఫోను వచ్చిన రోజు గుర్తుకొస్తోంది. పోస్టాఫీసు నుంచి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. స్పృహ లేదన్నారు. వెన్ను విరిగిందన్నారు. నాకు ఇంకేం తోచింది? పసుపు గుడ్డలో ముడుపు కట్టాను. మా వాడు ప్రాణాలతో ఇంటికొస్తే, అలిపిరి నుంచి మెట్లెక్కించి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నాను. వచ్చావు. ప్రాణాలతోనే వచ్చావు. కానీ గోడ పట్టుకొని నాలుగడుగులు వేస్తే ఐదో అడుగుకు కుడికాలు మాట వినదు. పది నిమిషాలు కూర్చుంటే నడుము నిలవదు. నేల మీద చాప అంచు దాటడమే నీకు గండం... ఇంక కొండ మెట్లు ఎలా ఎక్కుతావు?

అప్పుడు పెదమ్మే దారి చెప్పింది. అమ్మా నాయనా పోయాక మనిద్దరినీ పెంచిన మనిషి. మన వంశంలో ఇలాంటిది ముందొకసారి జరిగిందట. మొక్కు ఉన్నవాడి కండువాను తోడబుట్టినవాళ్లు నడుముకు బిగించుకొని ఎక్కితే, వాడు ఎక్కినట్టేనట. ఒకటే నియమం. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు అడిగినా, వాడూ, ఎక్కినవాళ్లూ, వాడే ఎక్కాడనే చెప్పాలి. లేదని నోటితో అంటే మొక్కు తీరనట్టు. తిరిగి వచ్చి మెడకు చుట్టుకుంటుంది.

నువ్వూ పెదమ్మా బస్సులో పైకి వెళ్లారు. నేను నీ ఆకుపచ్చ అంచు కండువా నడుముకు బిగించి అలిపిరి దగ్గర మొదలుపెట్టాను. ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీదే ఎక్కాను. చీర చిరిగింది, చర్మం లేచింది. పైకి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కల్యాణకట్ట ముందు అరుగు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చొని ఉన్నావు. నన్ను చూసి ఏమన్నావో గుర్తుందా?

"ఏమక్కా, ఇంతసేపా? నేనైతే ఈపాటికి ఎక్కి, దిగి, ఇంగోసారి ఎక్కేసుందును."

నాకు ఒళ్లు మండింది. అంతలోనే నవ్వొచ్చింది. గుండు చేయించుకొని, అదే కండువాతో తల తుడుచుకున్నావు. ఆ రోజు నీ ముఖంలో ఉన్న వెలుగు మళ్లీ చూడలేదు మణీ.

ఆ నెలలోనే మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. నువ్వు అక్కడ ఉన్నన్నాళ్లూ, ఇంక పని చేయలేవని ఆ దేశం వాళ్లు పింఛను వేస్తూనే ఉన్నారు. ఈ దేశానికి వచ్చేశావు కాబట్టి ఇక్కడ వాళ్లు నియమించిన డాక్టరు మళ్లీ చూడాలన్నారు. సరే, చూస్తే తెలుస్తుంది కదా, మనకేం భయం అనుకున్నాం. ఎంత అమాయకులం...

పుత్తూరులో కారు మాట్లాడుకొని బయల్దేరాం. దారంతా వెనక సీట్లో నా ఒళ్లో తల పెట్టుకొని పడుకున్నావు. గుంత వచ్చినప్పుడల్లా పళ్లు బిగపట్టావు. ఆసుపత్రి ముందు కారు ఆగగానే గంజి పెట్టిన చొక్కా వేయమన్నావు. దువ్వెన అడిగి, తల మీద చెయ్యి పెట్టుకొని నువ్వే నవ్వావు. తలుపు దాకా నా భుజం పట్టుకొని వచ్చి, అక్కడ వదిలేశావు. ఎందుకురా అంటే,

"కొత్తోళ్ల ముందర ఆడమనిషి బుజం పట్టుకోని పోతే ఏం బాగుంటాదక్కా? ఆ కుర్సీ దాకా గదా. నేను పోతా, గమ్మునుండు."

పోయావు. మేజా అంచు పట్టుకొని, పెదవి కొరుక్కుంటూ, నిటారుగా పోయావు. అదే ఆ డాక్టరు చూసింది.

ఆయన మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు ఎత్తమన్నాడు. ఎత్తగలిగినంత ఎత్తావు. పంచె పైకి తీసి చూడలేదు. చూసుంటే ఆ పిక్కలు ఎండిపోయి ఎలా ఉన్నాయో తెలిసేది. ఎంతసేపు కూర్చోగలవు అని అడగలేదు. ఇంతలో నువ్వు సంచిలోంచి లడ్డు ప్రసాదం తీసి ఆయన చేతికిచ్చావు. పెద్ద డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో పోతామా అని నేనే సర్దిన లడ్డు. మన ఊళ్లలో ఎవరైనా చేసే పనే కదా. కొండకు పోయి వచ్చి, ప్రసాదం పెట్టకుండా ఎలా ఉంటాం?

ఆయన మేజా కింద బూట్లు విడిచాడు. లడ్డు కళ్లకు అద్దుకున్నాడు. నీ గుండు చూసి, అరవంలో అడిగాడు, నడిచి ఎక్కారా అని. ఎంత భక్తిగా అడిగాడో...

"ఆ, నడిసే ఎక్కినాను సామీ. మొక్కుండాది."

నువ్వు ఇంకేం చెబుతావు? పెదమ్మ నియమం నీకూ ఉంది, నాకూ ఉంది. పైగా ఆయన నీకు చేతులు జోడించాడు. కొండ ఎక్కి వచ్చిన మనిషికి దండం పెట్టాలని పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, మంచాయన అక్కా అన్నావు. నేను కూడా అవునన్నాను.

ఆయన రాసిన కాగితం తర్వాత మనకు వచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకొని నేనే చదివాను. ఈ మధ్యే కాలినడకన కొండ ఎక్కిన మనిషి, కూర్చొని చేసే పని ఏదైనా చేయగలడు అని ఉంది. పింఛను ఆపేశారు.

కూర్చొని చేసే పని! సంగటి ముద్ద తినే లోపు రెండుసార్లు వెనక్కి వాలే నువ్వు...

ఆ డాక్టరు చెడ్డవాడు కాదు మణీ, అదే నా కడుపుమంట. లంచం తినేవాడైతే తిట్టుకొని ఊరుకునేదాన్ని. ఆయన దేవుడి పేరు విని నమ్మాడు. నమ్మి, నీ కాళ్లు చూడటం మానేశాడు. చూడటం ఆయన పని కదా? దండం పెట్టమని ఎవరు అడిగారు?

అప్పీలు వేద్దామన్నాను. వేద్దామన్నావు. కానీ మొదటి రోజే కట్టడి చేశావు.

"కొండ ముచ్చట మాత్రం ఎత్తొద్దక్కా. ఇచ్చేసిన మొక్కు ఎనక్కి తీసుకుంటామా? వేరే దోవ యాడన్నా ఉంటే సూడు."

వేరే దోవ చూశాను. చిత్తూరులో ఎముకల డాక్టరు దగ్గర రాయించాను. ఎక్స్‌రేలు తీయించాను. నువ్వు పనిచేసిన రేవు ఉన్న ఊళ్లో, పేదవాళ్ల కేసులు ఊరికే చూసే వకీలమ్మ ఒకావిడ ఉందని నీ పాత తోటి పనివాడు చెబితే ఆవిడకు రాశాను. తిరుపతిలో ఫోను బూత్ నడిపే విజయ ఆ కాగితాలన్నీ ఫ్యాక్సు చేసేది. ఎన్ని పంపినా అక్కడి పింఛను ఆఫీసు నుంచి ఒకటే జవాబు. ఎముకలు సరే, ఎక్స్‌రేలు సరే... మరి కొండ ఎలా ఎక్కాడు?

దానికి మన దగ్గర జవాబు ఉంది. ఇవ్వకూడని జవాబు.

పింఛను ఆగాక ఏమేం ఆగిపోయాయో నీకు తెలియనట్టే నటించావు. పుత్తూరు నుంచి వచ్చి కాళ్లు ఆడించే మనిషి రావడం మానేశాడు. గాలిపరుపు కొంటామనుకున్నాం, కొనలేదు. వీపున పుండ్లు పడ్డాయి. వాటిని కడిగేటప్పుడు నువ్వు గోడవైపు తిరిగి, ఏదో పాత సంగతి చెప్పి నన్ను నవ్వించబోయేవాడివి. ఒకరోజు చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"నేను పని సేయగలనని వాళ్లు రాసిచ్చినారు గదక్కా. అట్లయితే లేపు. చొక్కా తీసుకురా. పనికి పోతా."

నవ్వుతూనే అన్నావు. నేను గిన్నె తీసుకొని పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ తర్వాత పెదమ్మ పోయింది. చలికాలం దాటగానే నీకు జ్వరం పట్టుకుంది. పుండ్ల విషం రక్తంలో కలిసిందన్నారు. తిరుపతి పెద్దాసుపత్రిలో చేర్చాను. అక్కడ కూడా పోస్టు వచ్చిందా అనే అడిగావు. లేదురా, వస్తుందిలే అన్నాను. అదే మన చివరి మాట అవుతుందని నాకేం తెలుసు?

నిన్ను మన చేలోనే, నాయన పక్కనే ఉంచాం.

నువ్వు పోయాక విచారణకు తేదీ వచ్చింది. బతికున్నప్పుడు రాని తేదీ! వకీలమ్మ ఫోను చేసి, మనిషి పోయినా తోడబుట్టినవాళ్లు కేసు నడపవచ్చని చెప్పింది. నడుపుతారా అని అడిగింది. ఊళ్లో అందరూ ఇంక ఎందుకన్నారు. నిజమే, ఇంక నీకు గాలిపరుపుతో ఏం పని?

కానీ ఆ కాగితం ఉంది కదా మణీ. నీ పేరు మీద, పని చేయగలడు అని. అంటే నువ్వు నొప్పి నటించావని. పద్నాలుగేళ్లు వాళ్ల ఓడలకు అతుకులేసిన మనిషి, సోమరిగా వాళ్ల సొమ్ము తినాలని చూశాడని. నువ్వు లేకుండా పోయావు, ఆ మాట మాత్రం అక్కడ భద్రంగా బీరువాలో ఉంది. అది అలా ఉండగా నేను అన్నం ఎలా తినేది? నడుపుతానన్నాను.

వకీలమ్మ అప్పుడు దాచకుండా చెప్పింది. కొండ సంగతి తేలకపోతే కేసు లేదు. మీ తమ్ముడు ఎక్కాడా, లేదా అని అడిగింది. విచారణలో చెబుతానని ఫోను పెట్టేశాను.

విచారణ ఫోనులోనే. తిరుపతిలో విజయ బూత్‌కు వెళ్లాను. ఆవిడ బయట బోర్డు తిప్పేసి, ఎవరినీ రానివ్వలేదు. మాట వినపడదని ఫ్యాను కూడా ఆపేసింది. ఆ అద్దాల గదిలో చెమటకు జాకెట్టు తడిసిపోయింది. అటువైపు ఆడ జడ్జి, ఆఫీసు తరఫున ఒకాయన, మన వకీలమ్మ. తెలుగులో చెప్పడానికి ఇంకొకావిడ, కోస్తా యాస, ప్రతి మాటకూ గారు చేర్చి ఎంతో మర్యాదగా. వెన్నెముక గురించి అడిగారు, చెప్పాను. పుండ్ల గురించి అడిగారు, చెప్పాను. తర్వాత జడ్జి అడిగింది, కొండ ఎక్కింది ఎవరని.

నా చేతిలో నీ కండువా ఉంది. ఎందుకు తీసుకెళ్లానో తెలియదు, పొద్దున బయల్దేరేటప్పుడు చంకన పెట్టుకున్నాను.

అప్పుడు అనుకున్నాను... పెదమ్మ లేదు. నువ్వు లేవు. నువ్వు ప్రాణాలతో రావాలని మొక్కుకున్నాను, వచ్చావు, వెళ్లిపోయావు కూడా. మొక్కు తిరిగి వస్తే ఇంక ఎవరి మెడకు చుట్టుకుంటుంది? నా మెడ ఒకటే మిగిలింది. రానీ అనుకున్నాను.

వాడు ఎక్కలేదు, నేను ఎక్కానని చెప్పాను. వాడు బస్సులో వచ్చాడని చెప్పాను.

ఆఫీసాయన వదలలేదు. అయితే మీ తమ్ముడు డాక్టరుకు అబద్ధం చెప్పాడా అన్నాడు. ఆ కోస్తా ఆవిడ ఆ ప్రశ్నను కూడా ఎంత మెల్లగా అడిగిందో... కండువా సంగతి, పెదమ్మ నియమం అంతా చెప్పాను. ప్రతి మెట్టుకూ వంగానని చెప్పాను. ఆయన అంతా విని, మళ్లీ అదే అడిగాడు. అవునా, కాదా?

అవును అన్నాను మణీ. మా తమ్ముడు అబద్ధం చెప్పాడు అన్నాను.

నీ మీద పడిన మచ్చ తుడవడానికి పోయి, నా నోటితో నేనే ఇంకో మచ్చ పెట్టాను. బయటికి వస్తే విజయ మంచినీళ్లు ఇచ్చింది. వాటితో ముఖం కడుక్కున్నాను. నువ్వు ఆ గదిలో నా పక్కన ఉండి ఉంటే ఏమనేవాడివి? గమ్మునుండక్కా అనేవాడివా? చేయి పట్టుకొని లాగేవాడివా?

పోయిన వారం తీర్పు వచ్చింది. గెలిచాం.

ఆ డాక్టరు రాసింది చెల్లదన్నారు. పడిన రోజు నుంచి పోయిన రోజు దాకా ఏ పనీ చేయగలిగే స్థితిలో లేడన్నారు. ఆపిన పింఛను కూడా ఇస్తారట. ఇచ్చినదాన్ని ఏం చేయాలో తర్వాత చూద్దాం, ఇప్పుడు దాని మాట వద్దు. ఆ కాగితంలో ఇంకో వాక్యం కూడా ఉంది. ఈ మనిషి డాక్టరుకు నిజం చెప్పలేదు, కానీ వాళ్ల ఆచారం ఎరిగి చూస్తే దాన్ని తప్పుపట్టలేము అని. ఆచారం ఎరిగి! ఒక్క పూట ఫోనులో విని ఎరిగారట. కోపం తెచ్చుకోకూడదు, మంచిగానే రాశారు. అయినా కోపం వచ్చింది.

కాగితం తీసుకొని చేలోకి వెళ్లాను. నువ్వున్న చోట కూర్చొని పైకి చదివాను. చదవడం కాకపోయినా, వింటే నీకు ఇంగ్లీషు నాకంటే బాగా అర్థమవుతుంది కాబట్టి తెలుగులో చెప్పలేదు. విన్నావా? సంతోషమేనా? సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. నువ్వు బతికుండగా, నేను నిన్ను ఎదిరించి, పెదమ్మను ఎదిరించి ఆ మాట ముందే చెప్పుంటే గాలిపరుపు వచ్చేదా... నువ్వు ఒప్పుకునేవాడివా? ఒప్పుకోవు. నాకు తెలుసు, నువ్వు ఒప్పుకోవు.

ఇప్పుడు వాళ్ల రాజముద్ర వేసి మరీ రాశారు, ఈ మనిషి కొండ ఎక్కలేదని. మొక్కు తీరనట్టే కదా? నేను చదువుకున్నదాన్ని, పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. ఇదంతా నమ్ముతావా అని నన్ను నేనే అడుగుతాను. పొద్దున తాడు పట్టుకొని లేచేటప్పుడు మాత్రం మెడ మీద బరువు తెలుస్తూనే ఉంది.

అందుకే ఒకటి అనుకున్నాను. సంవత్సరీకం పెట్టిన మర్నాడు అలిపిరికి పోతాను. డాక్టరు బస్సు మెట్లు కూడా చూసి ఎక్కమన్నాడు. నవ్వొస్తుంది, ఇప్పుడు నన్ను ఆ మద్రాసు డాక్టరు చూస్తే ఏం రాస్తాడో! పోనీ. నీ కండువా ఉతికి ఆరేశాను. పసుపు కుంకుమ తెచ్చి పెట్టాను. ఎక్కగలిగినన్ని మెట్లు ఎక్కుతాను, కూర్చుంటాను, మళ్లీ ఎక్కుతాను. గాలిగోపురం దగ్గర పడుకుంటాను. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు పడుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర ఎలా అని మాత్రం ఇప్పుడు అడగొద్దు.

ఎవరైనా అడిగితే మా మణి ఎక్కుతున్నాడని చెబుతాను. ఈసారి ఏ జడ్జి అడిగినా, ఏ దేశం నుంచి ఫోను వచ్చినా ఆ మాట మార్చను. మాట ఇస్తున్నాను.

నువ్వు బస్సులో ముందే పోయి కల్యాణకట్ట ముందు ఆ అరుగు మీద కూర్చో. నడుము నొప్పి పుడితే వాలి పడుకో, ఎవరూ ఏమీ అనుకోరు. నాకు చాలా ఆలస్యమవుతుంది మణీ... వచ్చాక, ఇంతసేపా అని మాత్రం అనొద్దు.

నీ
సరోజక్క